కార్డు ఇచ్చేసిన ఏడాది

అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పిన పాపాన రూతమ్మ టీచరు ఎప్పుడూ పోలేదు. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లలకు కెమెరా పట్టుకోవడం నేర్పిన ముప్పయ్యేళ్లలో, "ఎందుకండీ?" అన్న ప్రతి పిల్లకీ ఆవిడ ఏదో ఒక పని చెప్పింది. పని పూర్తయ్యేసరికి ప్రశ్న మిగిలేది కాదు. ఒక్కోసారి ఇంకా పెద్దదై కూర్చునేది. ఆవిడ స్టూడియో ఉన్న కింది భాగంలో ఇప్పుడు జెరాక్సు షాపు ఉంది. పైన రెండు గదుల్లో మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఉంది.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. డిసెంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం, ఆ సంవత్సరం తీసిన ఫోటోలు పట్టుకుని వస్తారు. ఫోన్లో చూపిస్తే ఆవిడ చూడదు. కాగితం మీద ఉండాలి, చాప మీద పరవాలి. దాన్ని 'ఏడాది తేవడం' అంటారు. ఒకప్పుడు ఇరవైమంది తెచ్చేవారు. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, కోడలు కెమెరా తగిలించుకుని ఊళ్లు తిరగడం అత్తగార్లకు గిట్టక, ఒక్కొక్కరే తగ్గిపోయారు. మొన్నటి డిసెంబరుకి మిగిలింది ఇద్దరు. ఒకామె మెహరున్నీసా, బడి పిల్లల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీస్తుంది. రెండో ఆమె సత్యవేణి, పెళ్లిళ్లు తీస్తుంది.

సత్యవేణి ఆలస్యంగా వచ్చింది. వచ్చి, భుజం మీది సంచి దించి, చాప మీద వెల్లకిలా పడుకుంది.

"ఏడాది తెచ్చావా, ఏడాదే నిన్ను మోసుకొచ్చిందా?" అంది మెహరున్నీసా, బత్తాయి ఒలుస్తూ.

"రెండు నిమిషాలాగవే. మెడ పట్టేసింది."

లేచి కూర్చున్నాక టీచరుకి లెక్క అప్పజెప్పింది. వ్యాపారం చూస్తే బ్రహ్మాండం అంది. నలభై మూడు పెళ్లిళ్లు, పదకొండు ఓణీల ఫంక్షన్లు, ఆరు సీమంతాలు. కెమెరా మీద అప్పు తీరింది. అయితే ఆ నలభై మూడింట్లో ముప్పయ్యెనిమిది రాజమండ్రిలో ఉన్న ఒక పెళ్లిళ్ల ఫోటో కంపెనీ కోసం చేసింది. పెళ్లికూతురి గదికి ఆడ ఫోటోగ్రాఫరు కావాలని వాళ్లు పిలుస్తారు. ఆ గదిలోకి మగవాడు రాకూడదట. ముహూర్తం వేళకి మండపం దగ్గర ఆడమనిషి అడ్డం రాకూడదట. రెండు చోట్లా సంప్రదాయమనే అంటారు, ఒక్కచోటా నవ్వు రాదు వాళ్లకి. అప్పగింతలప్పుడు మాత్రం, ఏడ్చే ఆడవాళ్ల కోసం, సత్యవేణిని మళ్లీ కేకేస్తారు.

పెళ్లి అయిపోగానే కెమెరాలోంచి ఫోటోలున్న మెమరీ కార్డు తీసి కంపెనీ వాళ్ల చేతిలో పెట్టెయ్యాలి. అది నియమం. తీసిన ఫోటో ఒక్కటి కూడా తన దగ్గర ఉంచుకోకూడదు, ఎవరికీ చూపించకూడదు. అంచేత, సొంతంగా చేసిన చిన్నాచితకా పనులు ఇంట్లోనే వదిలేసి, ఈసారి సత్యవేణి తెచ్చిన ఏడాది, ఆ కంపెనీ ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేజీ నుంచి దింపి ప్రింటు కొట్టించుకున్నది. అరవై ఫోటోలు. ప్రతిదాని కింది మూలన కంపెనీ పేరు బంగారు రంగులో మెరుస్తోంది.

"ఇప్పుడు వాళ్లు నన్ను పర్మనెంటుగా రమ్మంటున్నారండి," అంది సత్యవేణి. సంచిలోంచి పద్నాలుగు పేజీల అగ్రిమెంటు తీసింది. "అయిదేళ్లు. నెల జీతం. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా జీతం ఆగదు. నా షాపు బోర్డు మాత్రం తీసెయ్యాలి. సొంత పేరు మీద ఏదీ తియ్యకూడదు. సాయంత్రం ఆరింటికి మనిషొచ్చి సంతకం పెట్టిన కాగితం పట్టుకెళతాడు."

ముహూర్తాల మీద బతికే మనిషికి మూఢం అంటే ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. నెలల తరబడి షాపు తీసి, ఊడ్చి, మళ్లీ మూసుకోవడం.

"చెప్పండి టీచర్ గారండి. ఇది మంచి ఏడాదా, చెడ్డ ఏడాదా? నాకు తెలీట్లేదు. ఒప్పుకుంటే కాస్త నిద్రపోతాను. ఒప్పుకోకపోతే ఎనిమిదేళ్ల నుంచి మోస్తున్న ఆ బోర్డుని ఇంకా మొయ్యాలి. మొయ్యడానికి నాకు ఓపిక లేదు."

టీచరు కళ్లద్దాలు తుడుచుకుంది. "ఇందులో నువ్వు తీసినవి ఒక పక్కన పెట్టు. మిగతావాళ్లవి ఇంకో పక్కన పెట్టు," అంది.

ఒక్కో పెళ్లికి ఐదుగురు తీస్తారు. కంపెనీ పేజీలో ఎవరిది ఏదో రాసి ఉండదు. అయినా అది ఐదు నిమిషాల పని అనుకుంది సత్యవేణి. మొదటి పది ఫోటోలు చకచకా విడదీసింది. గోరింటాకు చేతులు, అద్దం ముందు జడ, పట్టుచీర కుచ్చిళ్లు. ఆ తర్వాత చెయ్యి నెమ్మదించింది. కుడిపక్కన పెట్టింది ఎడమపక్కకి మార్చింది. మళ్లీ వెనక్కి మార్చింది.

"ఈ గోరింటాకు ఏ ఊరిదే?" అంది మెహరున్నీసా.

"పెనుగొండ. కాదు, ఆచంట. ఎవరికి తెలుసే తల్లీ. ఏమేం తియ్యాలో లిస్టు ఇస్తారు. ఎనభై నాలుగు ఫోటోలు. గాజులు పైనుంచి, గాజులు పక్కనుంచి. ఆకుపచ్చ గాజులున్న చెయ్యి ఎక్కడైనా ఆకుపచ్చ గాజులున్న చెయ్యే కదా."

"నా దగ్గరా అంతే. నాలుగు వందల మంది పిల్లలు, ఒకటే టై. ఎక్కిళ్లు వచ్చిన పిల్లాడొక్కడే గుర్తుంటాడు."

అరగంట గడిచింది. తనవని కుడివైపు ఇరవై, ఎడమవైపు ఇరవై, మధ్యలో ఎటూ చేరని పందొమ్మిది. చేతిలో ఒక్కటి మిగిలింది. దాన్ని చూడగానే సత్యవేణి ముఖం విప్పారింది.

"ఇది నాదండి! ఇందులో అనుమానం లేదు. మే నెలలో పాలకొల్లు దగ్గర పెళ్లి. ఈ ఏడాది మొత్తానికి నాకు ఇదొక్కటి చాలు."

అప్పగింతల ఫోటో. తండ్రి చేతిలో పెళ్లికూతురి చెయ్యి, పాలగిన్నె మీద ఇద్దరి తలలూ వంగి ఉన్నాయి. పిల్ల కన్నీటి బొట్టు ఒకటి సరిగ్గా గిన్నె అంచు మీద ఆగింది. మంచి ఫోటోయే. ఎవరైనా మంచి ఫోటోయే అంటారు.

"ఆ క్షణం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుందండి. నేను అక్కడే ఉన్నాను."

టీచరు భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఉన్నావులే," అంది. "కనబడుతూనే ఉన్నావు."

ఫోటో మెహరున్నీసా చేతికి వెళ్లింది. ఆమె ఒక చూపు చూసి, నోట్లో తొన ఉండగానే పగలబడి నవ్వింది. "ఒసేయ్ వేణీ! నీ ఫోటోలో నువ్వెలా ఉన్నావే? కెమెరా పట్టుకోవడానికి మూడో చెయ్యి మొలిచిందా నీకు?"

ఫోటోకి ఎడమ అంచున, మసకగా, ఒక ఆడమనిషి వీపు. జడ ముడేసుకుంది. మెడ కోసుకుపోతోందని కెమెరాకి బెల్టు తీసేసి పాత మంగళగిరి చీర అంచు కట్టుకుంది. ఆ జిల్లాలో ఇంకెవరి కెమెరాకీ అలాంటి అంచు లేదు. ఆ ఫోటో, అవతలివైపు నిలబడ్డ మగ ఫోటోగ్రాఫరు తీసింది.

సత్యవేణి నవ్వలేదు. ఫోటో లాక్కుని చూసింది. తను తీసిందని ఏడు నెలలుగా నమ్ముతున్న ఫోటో. మూఢం రోజుల్లో మంచం మీద పడుకుని, ఫోన్లో, ఆ చిన్న తెర మీద, కంపెనీ పేజీ తీసి చూసుకుని, నాకు ఇంకా పని వచ్చు అని ధైర్యం చెప్పుకున్న ఫోటో. ఇలాంటివి ఆమె ఎన్ని తీసిందో లెక్కే లేదు. అన్నిటిలోనూ అదే గిన్నె, అదే చెయ్యి. అందులో ఒకటి ఎక్కువైనా తక్కువైనా తెలియకుండా పోయింది.

"అయితే నాదని గట్టిగా చెప్పగలిగింది ఒక్కటీ లేదన్నమాట," అంది చివరికి.

"అందరూ పిల్ల వైపు చూస్తున్నారు," అంది టీచరు, ఆ మాట వినపడనట్టు. "నువ్వు వెనక్కి తిరిగి ఉన్నావు. కెమెరా కంటి దగ్గరే ఉంది. ఎటు తీస్తున్నావు?"

సత్యవేణి కళ్లు మూసుకుంది. గుర్తు రావడానికి కొంత టైం పట్టింది.

"వాళ్లమ్మనండి," అంది మెల్లగా. "పెళ్లికూతురి తల్లి. అప్పగింతలు మొదలయ్యాయి, ఆవిడ మండపంలో లేదు. పక్కనే తలుపులు తెరిచి ఉన్న భోజనాల హాల్లో, నీళ్ల డ్రమ్ము పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పులు విడిచేసి, కాళ్లు రెండూ ఎదుటి కుర్చీ మీద చాపుకుంది. నిమ్మకాయ సోడా తాగుతోంది. నాలుగు రోజుల నుంచి నేను ఆవిణ్ణి చూస్తున్నాను, నిలబడటమే తప్ప కూర్చోగా చూళ్లేదు."

"ఏడుస్తోందా?"

"లేదండి. సంతోషమూ కాదు. షిఫ్టు దిగిన మనిషిలా ఉంది. నన్ను చూసింది. పైట సర్దుకుంటుందేమో అనుకున్నా. సర్దుకోలేదు. కాళ్లు కూడా దించలేదు. తీసుకుంటే తీసుకో అన్నట్టు అలాగే చూసింది. మూడు తీశాను. ఈలోగా కంపెనీ ఫణి గారు పరిగెత్తుకొచ్చారు, అమ్మ ఎక్కడ, అమ్మ ఏడుపు లిస్టులో ఉంది అని. ఆవిడ సోడా కింద పెట్టి, చెప్పులు వేసుకుని, వెళ్లి ఏడ్చింది."

"దొంగ ఏడుపా?" అంది మెహరున్నీసా.

"కాదే. నిజంగానే ఏడ్చింది. కూతురు కదా."

కింద జెరాక్సు మిషను గరగరమంటోంది. ముప్పయ్యేళ్లు పెళ్లిళ్లు తీసిన రూతమ్మ టీచరు తన మోకాళ్లు తనే ఒత్తుకుంది. "ఆ ఏడుపు నేనూ ఎన్నో తీశానే," అంది. "ఫిల్ము ఖరీదు, అంచేత రెండు కొట్టి ఆపేదాన్ని. ఆ రెండే నాకు అన్నం పెట్టాయి. కుర్చీ మీది ఆవిడ మాత్రం నాకెప్పుడూ దొరకలేదు. ఫోను చేసి అడుగు, ఆ మూడు ఫోటోలు కావాలని."

ఫణి కంపెనీలో పనులు చూసే మేనేజరు. రెండు రింగులకే ఎత్తాడు. సత్యవేణి స్పీకరు పెట్టింది.

"మే నెల పెళ్లా మేడమ్? భలేవారే! ఆల్బం ఇచ్చేశాక కార్డులన్నీ తుడిచేస్తాం కదండీ. ఎవరు? కాళ్లు చాపుకున్న ఆవిడా? ఆ, ఆ, గుర్తుంది. మేమంతా నవ్వుకున్నాం. అవి ఆ రోజే తీసి పారేశాం మేడమ్. పెళ్లికూతురి తల్లి కాళ్లు జాపి సోడా తాగుతున్న ఫోటో ఆల్బంలో పెడితే వియ్యాలవారు ఊరుకుంటారా? మనల్ని కొట్టి పంపిస్తారు."

"అది బావుందా ఫణి గారూ, ఫోటో?"

అవతలి గొంతు ఒక్క క్షణం తడబడింది. "బావుండటం ఏముంది మేడమ్... ఆవిడ నన్నే చూస్తున్నట్టుంది. ఎందుకొచ్చింది లెండి. మీ గోరింటాకులు మాత్రం అదుర్స్, అందుకే కదా మిమ్మల్ని పర్మనెంటు చేస్తున్నది. ఆరింటికి మనిషిని పంపుతున్నా. సంతకం ప్రతి పేజీ కింద ఉండాలండోయ్."

"అలాగేనండి," అంది సత్యవేణి. అలవాటు కొద్దీ అంది. ఫోను పెట్టేశాక, ఆ మాట ఎవరన్నారా అన్నట్టు ఫోను వంక చూసింది.

నాలుగున్నరైంది. చాప మీద అరవై ఫోటోలూ ఎండలో మెరుస్తున్నాయి, మూలన బంగారు అక్షరాలతో సహా. మెహరున్నీసా వాటిని ఒక్కొక్కటే పోగుచెయ్యడం మొదలుపెట్టింది. ఈసారి కుడీ ఎడమా చూడలేదు.

"మీరింకా చెప్పలేదండి," అంది సత్యవేణి. గొంతులో కోపం లేదు, ఒట్టి అలసట. "మంచి ఏడాదా? చెడ్డ ఏడాదా? ఆ మనిషొస్తే ఏం చెప్పాలి?"

టీచరు అగ్రిమెంటు తీసి, సంతకాల చోటు ఉన్న చివరి పేజీ కాకుండా మొదటి పేజీ పైకి వచ్చేలా తిప్పి ఆమె ఒళ్లో పెట్టింది.

"తొందరేముంది, చదువు," అంది. "అందరూ అటు చూస్తుంటే నువ్వు ఇటు తిరగొచ్చని ఎక్కడైనా రాసి ఉంటే, నాకూ చూపించు."