వైద్యశాలకు అడ్డుపడిన వేరు

నీలిగుట్ట అడవిలో జబ్బు చేసిన జంతువుకు ఒకటే దారి. మంద నుంచి వెనకబడటం, ఏ పొదలోనో పడుకోవడం. ఆ తర్వాతి సంగతి నక్క జంబయ్యకు మాత్రమే తెలుసు. అతను వేటాడటం ఎప్పుడో మానేశాడు. కుంటేవాళ్ల వెనక, దగ్గేవాళ్ల వెనక తీరిగ్గా నడిచేవాడు. మర్నాడు పదిమందిలో కూర్చుని "అయ్యో పాపం, ఎంత మంచివాడు!" అని కళ్లు తుడుచుకునేవాడు.

ఒకరోజు ఎలుగుబంటి ఈరమ్మ ఒక ఆలోచన చెప్పింది. ఆమెకు ఆకులూ వేర్లూ బాగా తెలుసు.

"ఏటి పక్కన గుహ ఖాళీగా ఉంది. అందరం కలిసి అక్కడ వైద్యశాల పెట్టుకుందాం. కొండముచ్చులు పండ్లు తెస్తే, పందులు వేర్లు తవ్వితే, దున్నలు కాపలా కాస్తే ఎవరికి జబ్బు చేసినా చూసుకోవచ్చు."

అడవికి పెద్ద అయిన దున్నపోతు భీమప్పకు ఈ మాట నచ్చింది. సభ పెట్టి అడిగితే అందరూ సరేనన్నారు. జంబయ్య అందరికంటే గట్టిగా సరేనన్నాడు.

ఆ సాయంత్రమే అతను కొండముచ్చుల పెద్ద గురవయ్య దగ్గరికి వెళ్లాడు. గురవయ్య మనవరాలు పుట్టిన రోజే కన్నుమూసింది. అప్పటినుంచి ఎవరి పిల్ల ఏడ్చినా ఆయన చెట్టు దిగి వచ్చేవాడు.

"బావా, నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఈరమ్మ దగ్గర ఒక వేరుంది. కడుపుతో ఉన్నవాళ్లు తింటే కడుపు పోతుంది. గుహకి వచ్చిన ప్రతి తల్లికీ అడక్కుండానే అది పెడతారట. నువ్వు మోసుకొచ్చిన పండ్ల రసంలో కలిపి!"

గురవయ్య చేతిలోని పండును నేలకేసి కొట్టాడు.

అక్కడినుంచి జంబయ్య కుందేలు పోలమ్మ బొరియ దగ్గరికి వెళ్లాడు. పోలమ్మ చెల్లెలు తేరుకునే వ్యవధి లేకుండా ఈత మీద ఈత ఈని ప్రాణం పోగొట్టుకుంది.

"వదినా, విన్నావా? ఆ గుహలో కడుపుతో ఉన్న తల్లిని ముట్టుకోరట. ప్రాణం పోతున్నా సరే, సభ కూర్చుని అందరూ ఒప్పుకున్నాకే మందట!"

"మా చెల్లెలిలాంటి తల్లుల ప్రాణం సంగతి సభలో కూర్చున్న కొండముచ్చులు తేలుస్తారా?" అని పోలమ్మ భగ్గుమంది.

తర్వాతి సభలో వైద్యశాల మాట ఎత్తగానే గురవయ్య లేచాడు. "పసిగుడ్లను చంపే చోటికి మా పండ్లు రావు!"

"తల్లులను చంపే చోటికి మేమూ రాము!" అంది పోలమ్మ.

సగం అడవి ఇటు, సగం అటు. ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. చివరికి భీమప్ప విసిగిపోయాడు. "ఆ వేరు సంగతి తేలేదాకా వైద్యశాల తెరవొద్దు. ఈరమ్మా, అందాకా నువ్వు దాన్ని తవ్వొద్దు."

వానాకాలం వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. చలిజ్వరాలకు పందులు పోయాయి, గిట్టల జబ్బుకు లేళ్లు పోయాయి. ప్రతి సభలోనూ అదే గొడవ. గుహ మాత్రం ఖాళీగానే ఉంది.

ఆ అడవిలో చిట్టెమ్మ అనే కౌజుపిట్ట ఉండేది. ఏదైనా తెలియకపోతే ఆమెకు నిద్ర పట్టదు. వాన సంగతి ముందే ఎలా తెలుస్తుందని అడిగి అడిగి చీమలతో తిట్లు తిన్న పిట్ట. ఒక పొద్దున ఆమె గుహ ముందునుంచి పోతుంటే దుప్పి చుక్కమ్మ నేలమీద పడి మూలుగుతోంది. నిండు చూలాలు. పక్కన ఈరమ్మ చేతులు ముడుచుకుని కూర్చుంది.

"అక్కా, ఊరికే కూర్చున్నావేం?"

"బిడ్డ లోపలే పోయింది. బయటికి రాకపోతే తల్లి కూడా దక్కదు. వేరు పెడితే వస్తుంది. తవ్వొద్దని సభ మాట."

"నువ్వు దాన్ని ప్రతి తల్లికీ అడక్కుండా పెడతానన్నావట కదా?"

"నేనా? అడగనివాళ్లకు నేను ఆకు కూడా పెట్టను!"

"మరి సభ ఒప్పుకుంటే తప్ప తల్లిని ముట్టుకోనన్నావట?"

"అదీ నేననలేదు. అసలు నన్నెవరు అడిగారు?"

చుక్కమ్మ కళ్లు తెరిచింది. "నన్నూ ఎవరూ అడగలేదు చిట్టెమ్మా. అందరూ నాలాంటి దాని గురించే అరుచుకున్నారు. చూడటానికి ఒక్కరూ రాలేదు."

రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. మరి ఎక్కడినుంచి పుట్టాయి? చిట్టెమ్మ ఒక్క ఎగురున గురవయ్య చెట్టు మీద వాలింది.

"తాతా, ఆ వేరు సంగతి నీకెవరు చెప్పారు?"

"జంబయ్య."

పోలమ్మ బొరియ దగ్గర వాలింది. "అక్కా, నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? జంబయ్యే."

చిట్టెమ్మ భీమప్పతో చెప్పి అప్పటికప్పుడు సభ పెట్టించింది. గురవయ్యను నక్కకు ఒకపక్క, పోలమ్మను మరోపక్క కూర్చోబెట్టింది.

"జంబయ్య మామా, నాకో సందేహం. వైద్యశాలలో ఆ వేరు అందరికీ పెడతారా, ఎవరికీ పెట్టరా? నీకు తెలిసింది గట్టిగా చెప్పవా?"

జంబయ్య అటు చూశాడు. గురవయ్య ముందుకు వంగాడు. ఇటు చూశాడు. పోలమ్మ చెవులు నిక్కబొడుచుకుంది.

"అది... మరి... సందర్భాన్ని బట్టి..."

"అందరికీ పెడతారని నాతో చెప్పావే!" అన్నాడు గురవయ్య.

"నాతో ముట్టుకోనే ముట్టుకోరన్నావు!" అంది పోలమ్మ.

"ఎప్పటి మాటో, నాకు గుర్తులేదమ్మా."

"పోనీలే మామా, ఇంకొక్కటి అడుగుతా" అంది చిట్టెమ్మ. "ఈ రెండు వానాకాలాల్లో అడవంతా చిక్కి శల్యమైంది. నువ్వొక్కడివే ఇంత బలిశావేం?"

భీమప్ప మెల్లగా తల తిప్పి జంబయ్య పొట్టకేసి చూశాడు. ఆయన కొమ్ములు వంచేలోపే నక్క తోక మడిచి పొదల్లో పడింది.

"ఇక్కడ మనం కూర్చున్నంతసేపూ అక్కడ చుక్కమ్మ పోతోంది" అని చిట్టెమ్మ జరిగింది చెప్పింది.

గురవయ్య లేచాడు. "ఈరమ్మా, ఆ వేరు ఎక్కడుందో చెప్పు. నేను తవ్వుకొస్తా."

పొద్దు వాలేసరికి చచ్చిన పిల్ల బయటికి వచ్చింది. చుక్కమ్మ దాన్ని ఒకసారి నాకి, అలసటతో తల వాల్చింది. ఆమె ప్రాణానికి మాత్రం ఇక భయం లేదు. గురవయ్య ఆకుల పక్కలో పిల్లను పడుకోబెట్టి మట్టి కప్పాడు. పోలమ్మ లేతగడ్డి తెచ్చి చుక్కమ్మ నోటి దగ్గర పెట్టింది.

"అయితే వేరు తినాలో వద్దో తల్లే తేల్చుకోవాలన్న నా మాటకు ఒప్పుకున్నట్టేనా పెద్దాయనా?" అందామె కాసేపటికి.

"లేదమ్మా. కడుపులో బతికున్న బిడ్డ సంగతి వేరు. దానిమీద నీతో ఎన్నాళ్లయినా వాదిస్తా."

"నేనూ వదలను. మోసేది మేము. కానీ ఈ గుహ తెరిచి ఉంచి వాదించుకుందాం."

"ఆ మాటకు ఒప్పుకున్నా" అన్నాడాయన.

మర్నాడు కొండముచ్చులు పండ్లు తెచ్చాయి. వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ అడవిలో వెనకబడినవాణ్ణి గుహకు మోసుకుపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటున్నారు. వేట మరిచిపోయిన జంబయ్య కొన్నాళ్లు ఎండు పీతలు తిని, చివరికి గుట్ట దాటి వెళ్లిపోయాడు.

నీతి: ఒక తగవు ఎంతకూ తెగకపోతే, దానివల్ల ఎవరి కడుపు నిండుతోందో అడిగి తెలుసుకోవాలి.