పెద్దమ్మ రెక్క

పెద్దమ్మ విరిగి పదకొండు రోజులైనా ఓబులేసు షెడ్డు లోపల అడుగుపెట్టలేదు. రోజూ వచ్చేవాడు. రేకుల నీడన బయటే కూర్చునేవాడు. పొద్దు వాలాక లేచి వెళ్లిపోయేవాడు.

పెద్దమ్మ అంటే విమానం. స్వాతంత్ర్యం రాకముందు తయారైంది. చెక్క రెక్కలు, వాటిమీద బిగించిన గుడ్డ, పసుప్పచ్చ రంగు, తోక కింద ఒక చిన్న చక్రం. గ్లైడర్‌కి ఇంజను ఉండదు కాబట్టి దాన్ని తాడుతో కట్టుకుని ఆకాశంలోకి తీసుకెళ్లి వదిలి రావడం పెద్దమ్మ పని. రాయలసీమలోని ఆ ఎర్రమట్టి మైదానంలో మూడు తరాల వాళ్లు దాన్ని నడిపారు. ఆరేళ్లుగా నడుపుతున్నది ఓబులేసు. నేర్పింది దస్తగిరి సార్.

పెద్దమ్మ విరిగిన రోజు గ్లైడర్‌లో ఉన్నది సారే. ఓబులేసు ఆయన్ని రెండువేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్లాడు. అక్కడ సార్ తాడు విడిచారు. బరువు దిగిన పెద్దమ్మ ఒక్కసారి నిట్టూర్చినట్టు తేలికైంది. కింద వేరుశనగ చేల మీద మబ్బుల నీడలు నెమ్మదిగా నడుస్తున్నాయి. వాటితో పాటే అతనూ దిగాడు. చక్రాలు నేలను ఎప్పుడు తాకాయో తెలియనంత మెత్తగా తాకాయి.

పెద్దమ్మ నేల మీద ఇంకా దొర్లుతుండగానే తల ఎత్తాడు.

పైన ఒక తెల్లమబ్బు కింద సార్ గ్లైడరూ ఒక గద్దా పక్కపక్కనే తిరుగుతున్నాయి. చప్పుడు లేదు. ఆ ఇద్దరికీ కిందికి రావలసిన పనే లేనట్టుంది. ఎంతసేపు చూశాడో అతనికి తెలియదు.

ఇంతలో మైదానం తిరగడం మొదలుపెట్టింది. తను కదలకుండా ఉన్నట్టూ, భూమే తన చుట్టూ తాపీగా తిరుగుతున్నట్టూ అనిపించింది. చేలు, షెడ్డు, మళ్లీ చేలు. ఎడమ రెక్క నేలకు తగిలింది. చెక్క విరిగిన చప్పుడు ఎక్కడో పక్క ఊళ్లో అయినట్టు వినిపించింది. దుమ్ము అణిగాక చూస్తే ముందున్న పంకా సగం లేదు. అతనికి మాత్రం గీత కూడా పడలేదు.

విమానాలు దిగే దారికి అడ్డంగా పెద్దమ్మ పడి ఉంది. పైన సార్‌కి ఇంజను లేదు, ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. పక్కనున్న కోసిన చేలో, గాలికి కొట్టుకొచ్చిన కాగితంలా ఆయన దిగారు. డెబ్భై దాటిన మనిషి, మట్టిగడ్డలు దాటుకుంటూ నడిచి వచ్చారు. ఓబులేసు ఎదురు పరిగెత్తాడు.

“గాలి సార్! ఉన్నట్టుండి అడ్డం కొట్టింది.”

సార్ అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూశారు.

“దెబ్బ తగల్లేదు కదా?”

“లేదు సార్.”

“దప్పికైతోంది. నీళ్లుంటే ఇయ్యప్పా.”

అంతే. ఇంకేమీ అడగలేదు.

పెద్దమ్మను నడిపే గ్లైడర్ క్లబ్బు వాళ్లకు, ప్రమాదం ఎలా జరిగిందో రాసిచ్చిన కాగితంలో కూడా ఓబులేసు గాలి అనే రాశాడు. అక్కడ గాలి లేని రోజు ఉండదు. అందరూ నమ్మారు. ఒకరిద్దరు భుజం తట్టారు కూడా. ఆ మర్నాటి నుంచే అతనికి షెడ్డు గుమ్మం దాటడానికి కాళ్లు రాలేదు.

పన్నెండో రోజు సార్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“ఏమప్పా ఓబులేసూ, నాకు రెండు చేతులు చాలడం లేదు. రా.”

లోపల రెండు బల్లల మీద విరిగిన రెక్క పడుకుని ఉంది. పైకప్పు సందుల్లోంచి ఎండ దాని మీద పడి, షెడ్డంతా పసుపు నీళ్లు నింపినట్టుంది. సార్ చిన్న కత్తి అతని చేతికిచ్చారు.

“చినిగిన గుడ్డ తీసెయ్. కట్టెకు తగలనీయొద్దు.”

ఓబులేసు కోస్తూ పోయాడు. గుడ్డ పాత వార్నీషు వాసనతో పొరలా ఊడి వచ్చింది. లోపల సన్నని చెక్కలు పక్కటెముకల్లా వరసగా ఉన్నాయి. తల వంచి చూశాడు. ఒక చెక్క మీద పెన్సిలు రాతలు కనిపించాయి.

‘జాన్ దేవదాసు, 1958. దిగడం అయిపోయిందనుకున్నాను.’

దాని కింద ‘సుబ్బరాయశాస్త్రి, 1967. అందరూ చూస్తున్నారని గొప్పకు పోయాను.’

ఇంకా కింద ‘లీలా కరుంబయ్య, 1979. భయపడ్డాను. చెప్పలేదు.’

చివరి రాత ఎవరిదో అతనికి చూడగానే తెలిసింది. తను ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో ఆరేళ్లుగా సంతకాలు పెడుతున్న చెయ్యి.

‘దస్తగిరి, 1984. పొద్దున ఇంట్లో పోట్లాడి వచ్చాను.’

ఓబులేసు మళ్లీ మొదటి నుంచి చదివాడు. మూడోసారి వేలు పెట్టి వెతికాడు. గాలి అన్న మాట ఎక్కడా లేదు.

వెనక్కి తిరిగాడు. సార్ అటు తిరిగి జిగురు కలుపుతున్నారు. బల్ల అంచున వడ్రంగి పెన్సిలు ఒకటి ఉంది. అప్పుడే చెక్కినట్టుంది, పొట్టు ఇంకా పక్కనే ఉంది.

బయట గాలికి రేకులు దడదడలాడాయి. ఓబులేసు పెన్సిలు తీసుకున్నాడు. చాలాసేపు దాన్ని చెక్కకు ఆనించి అలాగే ఉండిపోయాడు.

‘ఓబులేసు. పైకి చూశాను.’

రాశాక ఊపిరి వదిలాడు. తర్వాత గుర్తొచ్చి సంవత్సరం కూడా వేశాడు. సార్ వచ్చి చూడలేదు. “ఆ జిగురు డబ్బా అందుకో” అన్నారు, అంతే. ఆ సాయంత్రమే అతను క్లబ్బుకు వెళ్లి తన కాగితం వెనక్కి అడిగి ఇంకొకటి రాసిచ్చాడు.

కొత్త చెక్కలు అతికించి, కొత్త గుడ్డ బిగించడానికి నెల పట్టింది. చివరి ముక్క ఆ పేర్ల మీదికి వచ్చిన రోజు, ఓబులేసు అంచు పట్టుకుని ఆగాడు.

“మూసేస్తే ఇంక ఎవరికీ కనపడదు కదా సార్?”

“మళ్లా విరిగిన పొద్దు కనపడుతుంది.”

సార్ గుడ్డ అంచు మీద బొటనవేలితో మెల్లగా అద్దుకుంటూ పోయారు.

“ఆ పొద్దు చూసేవాడు తానొక్కడే అనుకుంటా ఉంటాడప్పా.”