ఈ రాసేది ఎవరు?

"ఈ రాసేది ఎవరు?" అని ఓబులమ్మ కువైట్ నుంచి మెసేజి పెట్టింది. పెట్టింది ఏ ముక్కూమొహం తెలియనివాడికో కాదు, కట్టుకున్న మొగుడికి.

కుళ్ళాయప్ప మామ ఆ ఫోను చేత్తో పట్టుకుని గురువారం పొద్దున్నే గుట్టెక్కి వచ్చాడు. వెనకాలే ఆయన మేకలు పద్నాలుగూ వచ్చాయి. మా గురువు మదార్ సాయిబు, దర్గా పక్కన రేకుల పంచలో కూర్చుని బొంత కుట్టుకుంటున్నాడు. కొట్టుకు పోయే ముందు ఆయన్ని చూసిపోదామని వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. ఊళ్ళోవాళ్ళ పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి బొంతలు కుట్టివ్వడం ఆయన బతుకుదెరువు. మా సాయిబులూ, మామవాళ్ళూ, అందరం ఆయన్ని సామీ అనే పిలుస్తాం.

"సామీ, నా పెండ్లాం నన్ను గుర్తుపట్టడంల్యా" అని మామ కూలబడ్డాడు.

సామి సూది ఆపలేదు. "ఏం, గడ్డం గొరిగించి ఫోటో పంపినావా?"

"ఫోటో కాదు సామీ, మాట. నా మాట నాది కాదంటాంది."

ఈ పాపంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి మొదటి నుంచి చెప్తాను. నా పేరు జిలాని. రాయచోటిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. మామది మా ఊరే. చేలో బోరు ఎండిపోయాక, రెండేళ్ళ కిందట ఓబులమ్మ అత్త కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయింది. ఆ ఇంట్లో పనిమనిషి ఫోన్లో మాట్లాడకూడదు, ఫోన్లోంచి చప్పుడు వినబడకూడదు. మధ్యాహ్నం ఇంటివాళ్ళు నడుం వాల్చినప్పుడు వంటింట్లో నిలబడి మెసేజి చూసుకోవచ్చు, రాసుకోవచ్చు, అంతే. అందుకని మాట రికార్డు చేసి పంపినా దండగే. అక్షరాలే పంపాలి. అత్త ఏడో తరగతి దాకా చదివింది. మామకేమో సంతకం ఒక్కటే వచ్చు.

మొదటి ఏడాది వారానికోసారి నా కొట్టుకొచ్చేవాడు. స్టూలు మీద కూర్చునేవాడు. నేను టైపు కొట్టేవాణ్ణి.

"ఏం రాయమంటావు మామా?"

"ఏముండాది. మేకలు బాగుండాయని రాయి."

"ఇంకా?"

కొట్లో ఉన్నవాళ్ళ వంక ఒకసారి చూసేవాడు. గొంతు సర్దుకునేవాడు. "అంతే" అనేవాడు.

పెళ్ళాంతో చెప్పుకునే మాట మధ్యలో ఒకణ్ణి కూర్చోబెట్టుకుని ఎవడు చెప్తాడు? నాకే బాధనిపించింది. ఒకరోజు ఆయన ఫోను తీసుకుని కీబోర్డు సెట్టింగుల్లోకి పోయి, మాటతో టైపయ్యేది ఆన్ చేసి, భాష తెలుగు పెట్టి, మైకు వాడుకోడానికి అనుమతి ఇచ్చాను. గుట్ట మీద సిగ్నలు అంతంతమాత్రం కాబట్టి నెట్టు లేకపోయినా పనిచేసేటట్టు తెలుగు డౌన్‌లోడు కూడా చేశాను. వచ్చిన మెసేజిని ఫోనే చదివి వినిపించేటట్టు ఇంకోటి పెట్టాను.

"చూడు మామా, ఈ మైకు బొమ్మ నొక్కు, మాట్లాడు. అది రాసుకుంటాది. కాసేపు ఊరకున్నావంటే అదే ఆరిపోతాది, మళ్ళీ నొక్కు. అయినాక ఈ బాణం గుర్తు నొక్కితే కువైట్ పోతాది. ఇంక మధ్యలో నేనెందుకు?"

మామ మొహం వెలిగిపోయింది చూడాలి!

మొదటి రోజుల్లో నవ్వలేక చచ్చాం. కువైట్ దాకా వినబడాలన్నట్టు ఫోన్లోకి అరిచేవాడు. నడుమ మేకను తిట్టిందీ, పక్కింటామెను అగ్గిపెట్టె అడిగిందీ అన్నీ అందులో పడిపోయేవి. సగం మాటలు ఫోనుకు అర్థమే కాకుండా ఇంకేదో రాసేది. అయినా అత్త ఇంతింత పొడుగు జవాబులు రాసేది. ఎర్రమేక ఇంకా కంచె దూకుతాందా, పక్కింటామె కోడలు నీళ్ళోసుకుందా, అగ్గిపెట్టె కూడా ల్యాకుండా ఏం సంసారం చేస్తాండావు అని ఆరాలు తీసేది.

అక్కడ ఊరుకుని ఉంటే బాగుండేది. ఒకరోజు ఆయన పంపినవి చూసి నేనే పకపకా నవ్వాను. "మామా, ఫోనుకు మన యాస తెలీదు. టీవీలో వార్తలు చదివే ఆమె మాదిరి మాట్లాడు, ఒక్క తప్పు రాదు" అన్నాను. నా నోటికి తాళం పడకపోయెనే!

మామ పట్టుపడితే వదిలే రకం కాదు. రోజూ ఏడు గంటల వార్తలు విన్నాడు. గుట్ట మీద మేకలు మేపుతూ ఒక్కడే ఒత్తులు పలికాడు. నెల తిరిగేసరికి నిజంగానే ఒక్క తప్పు రాలేదు. "నేను క్షేమంగా ఉన్నాను. మేకలు కూడా క్షేమంగా ఉన్నవి. మన ప్రాంతమున వర్షపాతం తక్కువగా నమోదైనది."

"ఎట్లుంది జిలానీ? కలెక్టరాఫీసు కాగితం మాదిరి ల్యా?" అని ఊరంతా తిప్పి చూపించాడు. ఉంది. అచ్చం అట్లాగే ఉంది.

అత్త జవాబులు చిక్కిపోతూ వచ్చాయి. ఇంతింత పొడుగువి రెండు ముక్కలయ్యాయి. తర్వాత "సరే" ఒక్కటే మిగిలింది.

ఈ నెలతో అత్తకు రెండేళ్ళ ఒప్పందం అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండమని మేడం అడుగుతోందట. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. "ఏం చెయ్యమంటావు?" అని అత్త అడిగింది. మామ ఒకరోజంతా సాధన చేసి పంపాడు: "నీ ఇష్టానుసారం నిర్ణయం తీసుకొనగలవు. నాకు ఎటువంటి అభ్యంతరము లేదు."

దానికి వచ్చిందే ఈ జవాబు. "ఈ రాసేది ఎవరు? నా మొగుడు ఏమయినాడు? ఆయన చెప్తే వింటా. నువ్వెవరో చెప్తే కాదు. శుక్రవారం లోపల ఆయన మాట రాకపోతే ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టేస్తా."

ఆ శుక్రవారం మరుసటి రోజే.

"నేనే అని చెప్పలేదా నువ్వు?" అని సామి అడిగాడు.

"చెప్పినా సామీ. నేను కుళ్ళాయప్పనే, తండ్రి పేరు చిన్న నరసప్ప, వయస్సు నలభై ఎనిమిది సంవత్సరములు అని పంపినా. ఆధార్ కార్డు ఫోటో కూడా పెట్టినా. జవాబు ల్యా."

సామికి నవ్వు ఆగలేదు. సూది బొంతలో గుచ్చి పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆమె రావాల్నా, వద్దా? నీకేం కావాల?"

 మామ తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రావాల సామీ. రాకుంటే నేనెట్ల? రెండేండ్లాయ. ఈ పొద్దుటికీ సంగటి ఇద్దరికి కెలుకుతా. చెయ్యి అలవాటు మానదు. ఒగ ముద్ద మిగుల్తాది. దాన్ని సూస్తా కూచుంటా. ఆ యమ్మ గొంతు మర్చిపోతానేమోనని బయ్యమైతాంది సామీ. పండక్కి రెండు నిమిషాలు మాట్లాడింటే మాట్లాడినట్టు. మెసేజి వస్తే అది సదివేది ఫోను. నా పెండ్లాం మాట ఎవురో టీవీ ఆమె సదువుతాది నాకు."

"మరి రమ్మని యాల చెప్పలేదు?"

"పొమ్మనింది నేనే గదా సామీ! పొమ్మన్న నోటితో రమ్మని ఎట్ల చెప్పేది? బోరులో ఇప్పుటికీ నీళ్ళు ల్యావు." మామ ఫోను సామి ముందు పెట్టాడు. "నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పు సామీ. వొత్తులు పోకుండా పలుకుతా. ఆ యమ్మకు నేనే అని తెలిసేటట్టు చెప్పు."

సామి గుట్ట కిందికి చూశాడు. మేకలు కంపచెట్లు దాటి దిగిపోతున్నాయి. ఆ కింద ఎవరిదో శనక్కాయ చేను.

"అవి చేన్లో పడేటట్టుండాయి. పిలువు" అన్నాడు.

మామ లేచి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అట్ల కాదు. ఫోన్తో మాట్లాడతావే, ఆ మాటతో పిలువు."

మామ నా వంక చూశాడు. నేను సామి వంక చూశాను. సామి పరాచికానికి అంటున్నట్టు లేదు. గురువు చెప్పాక చేసేదేముంది? మామ గొంతు సవరించుకుని నిటారుగా నిలబడ్డాడు.

"మేకలారా! ఇచ్చటికి రండి!"

ఒక్క మేక తల ఎత్తలేదు.

"గట్టిగా."

"మేకలారా! దయచేసి వెంటనే ఇచ్చటికి రావలసినదిగా కోరుచున్నాను!"

నేను పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాను. సామి నవ్వలేదు. ఎర్రమేక ఒకటి చెవి కదిలించి, నమలడం ఆపకుండానే ఇంకో రెండడుగులు కిందికి దిగింది. ముందు పోతున్న రెండు మేకలు చేని గట్టు ఎక్కేశాయి.

"ఇంకోసారి" అన్నాడు సామి.

మామ ఇంకోసారి పిలిచాడు. ఈసారి ఒత్తులు ఇంకా బాగా పలికాయి. మేకలు చేన్లోకి దిగాయి.

"సామీ, పంట పోతాది!" మామ గొంతులో ఏడుపు వచ్చేసింది.

"అయితే నీ మాదిరి పిలువు."

మామ నాలుక అంగిటికి కొట్టి, "ట్ర్రుయ్యా... బ్బా బ్బా బ్బా! రాండే లంజముండల్లారా, రాండి మే!" అని ఒక్క కేక పెట్టాడు. మాటకు ముందూ వెనకా చూసుకోలేదు. దర్గా ముందర ఉన్నామని కూడా లేదు.

పద్నాలుగు తలలూ ఒక్కసారే లేచాయి. కంపల్లోంచి, రాళ్ళ మీదుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ గుట్టెక్కి వచ్చి మామ చుట్టూ మూగాయి. ఎర్రమేక ఆయన అరచేతిలో మూతి పెట్టింది.

మామ దాని తల మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయాడు.

సామి సూది తీసుకుని మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు. 

కాసేపటికి మామ పంచలోకి వచ్చి ఫోను తీసుకున్నాడు. నేను లేచి, "మామా, నేను పక్కకు పోతా" అన్నాను.

"ఉంటే ఉండు, పోతే పో" అన్నాడు. ఆయనకు నేను కనబడుతున్నట్టే లేను. మైకు నొక్కాడు.

"మే ఓబులమ్మా. నేను మే. నాకు బుద్ధి ల్యాక ఏందేందో వాగినా. నువ్వు వచ్చెయ్యి మే. బోరూ గీరూ తర్వాత సూసుకుందాం. నేనే పొమ్మంటి, నిజమే. నువ్వు బస్సెక్కినాక ఇంటికి పొయ్యి వాకిట్లో కూచొని ఏడిస్తి. నీకెప్పుడూ చెప్పలా..."

 అక్కడ మాట ఆగేసరికి మైకు ఆరిపోయింది. మామ మొహం తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. రెండు మాటలకు మళ్ళీ ఆగాడు, మళ్ళీ ఆరిపోయింది. అట్లా నాలుగుసార్లు నొక్కాడు. ఆఖరున మాత్రం గట్టిగా చెప్పాడు. "నువ్వు ల్యాక నాకు బాగల్యా. వచ్చెయ్యి."

నేను ఉండబట్టలేక తొంగిచూశాను. సగానికి సగం తప్పులు. రాసేవాణ్ణి కదా, నాకు చేతులు జిలపెట్టాయి.

"మామా, చాలా తప్పులుండాయి. ఒక్క నిమిషంలో సరిచేసిస్తా."

మామ సామి వంక చూశాడు. సామి దారం పంటితో కొరికి, సూదిలోకి ఎక్కించుకుంటున్నాడు. మామ నాకు ఫోను ఇవ్వలేదు. బాణం గుర్తు తానే నొక్కాడు.

కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇంటివాళ్ళు తిని పడుకుంటే గాని అత్త ఫోను ముట్టదు. మామ అన్నం ముట్టలేదు. నేను కొట్టు తెరవడానికి పోవలసినవాణ్ణి, పోలేకపోయాను. సామి ఒక పక్కంతా కుట్టి బొంత తిప్పుకున్నాడు. పొద్దు వాలుతుండగా ఫోను టంగుమంది.

మామ చదివి వినిపించే బొమ్మ మీద వేలు పెట్టబోయి ఆగాడు. ఫోను నాకిచ్చాడు.

"నువ్వు సదువు జిలానీ. టీవీ మాదిరి వద్దు. మా ఓబులమ్మ మాట్లాడేటట్టు సదువు."

నేను చదివాను. "ఎన్ని దినాలకు వినబడినావు. నువ్వే. నువ్వే. మేడంకు ఇప్పుడే చెప్పేసినా. ఇరవై రెండో తేదీ వస్తాండా."

"ఇంకోసారి సదువు" అన్నాడు. చదివాను. మూడోసారి అడగలేకపోయాడు. తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

ఏడుపు తగ్గాక వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాడు. లెక్క తేలేకొద్దీ ఆయన మొహం మళ్ళీ వాడిపోయింది.

"సామీ, ఇంకా పందొమ్మిది దినాలుండాది. రెండేండ్లు ఎట్లనో గడిపేస్తి. ఈ పందొమ్మిది దినాలు నాతో అయ్యేది కాదు."

సామి బొంత మడుస్తున్నాడు. అంచులు సమంగా వచ్చాయో లేదో చూసుకున్నాక అన్నాడు.

"రెండేండ్లు నువ్వు యాడ ఎదురుచూసినావప్పా? ఈ పొద్దు పిలిచినావు. ఎదురుచూసేది ఇప్పుడే మొదలు."