కుర్చీలాటకు పళ్ళెం వాయించిన టీచరు

దైవాదీనం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పేవారు కాదు. "ఇది నీకు ఎప్పటికి కావాలి?" అని అడిగి, ఆ రోజుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరేవారు. ఉద్యోగమంతా చిన్న తరగతుల పిల్లల మధ్యే గడిపి రిటైరైన మనిషి ఆయన. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళలో కొత్తగా చేరిన టీచర్లు ఆదివారాలు ఆయన ఇంటికి వెళ్ళి తమ కష్టాలు చెప్పుకునేవారు. ఆయన జవాబు చెప్పకపోవడాన్ని కొందరు జ్ఞానం అనుకునేవారు, మరికొందరు వయసు మీద పడటం అనుకునేవారు. రెండూ కొంత కొంత నిజమేనని నా అభిప్రాయం.

అలా వచ్చిన వాళ్ళలో వసుంధర ఒకతె. మాస్టారి భార్య ఇచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగడం మరిచిపోయి, "ఎవరూ ఓడిపోని ఆట ఏదైనా ఉందా మాస్టారూ?" అని అడిగింది.

బాలల దినోత్సవానికి ఆమె తన నాలుగో తరగతి పిల్లలకు పార్టీ చేయాలి. పార్టీ అంటే మనకు తెలిసిందే. రంగు కాగితాలు, కేకు ముక్క, గుప్పెడు మిక్చరు, ఆ తరువాత ఆటలు. మొదటివన్నీ కొంటే దొరుకుతాయి. ఆటల దగ్గరే ఆమె ప్రాణం గిలగిల్లాడుతోంది. నిమ్మకాయ చెంచా పెడదామా అంటే ఎవరి నిమ్మకాయో ముందు పడుతుంది. బుడగలు ఊదిద్దామా అంటే ఎవరి బుడగో ముందు పగులుతుంది. పొట్లం చేతులు మార్చే ఆట పెడదామన్నా, పాట ఆగినప్పుడు అది ఎవరో ఒకరి ఒడిలో ఉండి తీరుతుంది. ఏ ఆట తీసుకున్నా చివరికి ఒక పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని కనిపిస్తోంది, ఆ ముఖం ప్రతిసారీ కోటేశ్వరిదే.

కోటేశ్వరి తల్లిదండ్రులు లేని పిల్ల, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆగస్టు పదిహేనున కుర్చీలాటలో అందరికంటే ముందు అవుటైంది. ఝాన్సీ అనే పిల్ల పకపకా నవ్వింది, మిగతావాళ్ళు అందుకున్నారు. అంతే, ఏడుస్తూ ఇంటికి పోయిన పిల్ల చాలా రోజులు బడి ముఖం చూడలేదు. వసుంధర వాళ్ళింటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి అమ్మమ్మ మెత్తబడి పంపింది గానీ, పంపుతూ ఒక మాట అన్నది. "ఇంకోసారి పిల్ల ఏడ్చుకుంటా ఇంటికొచ్చిందంటే నే పంపియ్యను టీచరమ్మా. నాతో పాటు మిరపకాయల తొడిమలు తియ్యను తీసకపోతా. ఆడ ఎవురూ నవ్వరు."

ఆ మాట చెప్పి వసుంధర మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. మిరపకాయల దగ్గర పనిచేసే పిల్లల చేతులు ఎలా మండుతాయో ఆమెకు తెలుసు, మాస్టారికీ తెలుసు.

"పిల్లలు ఏ ఆట అడుగుతున్నారు?" అన్నారు మాస్టారు.

"కుర్చీలాటేనండీ. కోటేశ్వరి కూడా అదే అడిగింది. నేనే వినిపించుకోనట్టు ఊరుకున్నాను."

"తనే అడిగిందా? అయితే అదే పెట్టు. పళ్ళెం నువ్వే వాయించు. నేను వస్తాను."

పళ్ళెం సంగతి కాస్త చెప్పాలి. ఆ బడిలో కుర్చీలాటకు పాటలు పెట్టరు. మధ్యాహ్న భోజనం తినే స్టీలు పళ్ళేన్ని గరిటెతో వాయిస్తారు. వాయించేవాళ్ళు పిల్లలకు వీపు తిప్పి, నల్లబల్ల వైపు ముఖం పెట్టి నిలబడాలి. ఇది అక్కడ ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు, పిల్లలు దాన్ని ప్రాణంలా చూసుకుంటారు. మాస్టారి మాటతో వసుంధరకు ధైర్యం వచ్చింది. ఆయన చెప్పిన దాంట్లో ఆమె చెవికి ఎక్కింది ఒక్కటే. పళ్ళెం తన చేతిలోనే ఉంటుంది.

పార్టీ శనివారం జరిగింది. షామియానా కొట్టు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలను గుండ్రంగా వేశారు. మాస్టారు వచ్చి తలుపు పక్కన నిలబడ్డారు. కోటేశ్వరి పసుపుపచ్చ గౌను వేసుకుని, నూనె రాసి బిగించి వేసిన జడలతో వచ్చింది. ఆమెను చూడగానే వసుంధర పళ్ళెం, గరిటె అందుకుంది.

వీపు తిప్పి నిలబడి, పళ్ళేన్ని ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. ఎత్తి పట్టుకున్నప్పుడే గమనించింది. బాగా తోమిన కొత్త పళ్ళెం అది, వెనక తిరుగుతున్న పిల్లలు అందులో రంగురంగుల మచ్చల్లా కదులుతున్నారు. వాటిలో పసుపు రంగు స్పష్టంగా తెలుస్తోంది. ఆ పసుపు ఒక కుర్చీ ముందుకు రాగానే ఆమె చెయ్యి తనంతట తనే ఆగిపోయింది. వెనక అరుపులు, తోపులాట. ఎవరో ఒక మగపిల్లాడు అవుటయ్యాడు. కోటేశ్వరి కుర్చీలో ఉంది.

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇది మోసం కాదు, దయ, అని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఆ రెండింటికీ తేడా ఎక్కడుందో మనలో చాలామందికి పిల్లలు చెప్పేదాకా తెలియదు. ఒక్కో కుర్చీ తీసేస్తున్నారు. అవుటైనవాళ్ళు గోడవారన కూర్చుని మిక్చరు తింటూ కేకలు పెడుతున్నారు. వసుంధర చేతులు చెమట పట్టి పళ్ళెం జారుతోంది, అయినా ప్రతిసారీ పసుపు రంగు కోసం వెతుక్కుని సరిగ్గా ఆపుతోంది. మొదట్లో ఎగిరెగిరి తిరిగిన కోటేశ్వరి రానురాను నెమ్మదిగా నడవసాగింది. ఆ సంగతి తలుపు దగ్గరున్న మాస్టారు చూశారు. వసుంధర చూడలేదు. పళ్ళెంలో దూరంగా తిరిగేవాళ్ళ రంగు తెలుస్తుంది గానీ ముఖం తెలియదు.

చివరికి ఒక్క కుర్చీ మిగిలింది. దాని చుట్టూ కోటేశ్వరి, ఝాన్సీ. పసుపు రంగు కుర్చీ ముందుకు వచ్చింది. గరిటె ఆపింది.

కుర్చీ చప్పుడు కాలేదు. వెనక్కి తిరిగి చూస్తే కోటేశ్వరి కుర్చీ ముందు అలాగే నిలబడి ఉంది. ఏం చేయాలో తెలియక ఝాన్సీ కూడా ఆగిపోయింది. గోడవారన కూర్చున్న పిల్లలు నమలడం మానేశారు.

"కూర్చో కోటేశ్వరీ, కూర్చోమ్మా," అంది వసుంధర.

"మీరు నన్ను చూసి ఆపుతున్నారు టీచర్," అంది ఆ పిల్ల. "పళ్ళెంలో మీ కళ్ళు కనపడతన్నయ్."

వసుంధర మాస్టారి వైపు చూసింది, ఆయన ఏదైనా అంటారని. ఆయన మెల్లగా గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"మళ్ళీ వాయించండి టీచర్. ఈసారి కళ్ళు మూసుకోండి," అంది కోటేశ్వరి.

వసుంధర నల్లబల్ల వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. వాయించింది. చీకట్లో పిల్లల అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు, అందులో ఏ అడుగు ఎవరిదో తెలియదు. అమ్మమ్మ మాటలు చెవుల్లో తిరుగుతున్నాయి. ఎర్రటి కాయల కుప్ప, దాని ముందు గొంతుక్కూర్చున్న పసుపు గౌను కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. తను వాయిస్తున్నంతసేపూ ఎవరూ ఓడిపోరు. అందుకని వాయిస్తూనే ఉంది. చెయ్యి లాగుతున్నా ఆపలేదు.

"టీచర్, ఇంక ఆపండి! కాళ్ళు పీకుతన్నయ్!" అని ఝాన్సీ అరిచింది.

వసుంధర ఆపింది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. పిల్లలంతా ఒక్కసారి గోల పెట్టారు. అది నవ్వో కేకో ఆమెకు అర్థం కాలేదు. వెంటనే తిరగడానికి ధైర్యం చాలలేదు.

తిరిగేసరికి కుర్చీలో ఝాన్సీ ఉంది. కోటేశ్వరి కుర్చీ అంచు పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు వణుకుతున్నాయి. కళ్ళలో నీళ్ళు నిండి, ఒకటి జారి చెంప మీద పడింది. వసుంధర గరిటె పారేసి పరుగెత్తబోయింది. అంతలో ఆ పిల్ల గౌను అంచుతో ముఖం తుడుచుకుని, ఝాన్సీని ఒకసారి కోపంగా చూసి, టీచరు వైపు తిరిగింది.

"సోమవారం మళ్ళీ పెడతారా టీచర్? ఇట్టాగే, కళ్ళు మూసుకోని?"

వసుంధర తల ఊపింది.

పిల్లలు వెళ్ళిపోయాక ఆమె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అడిగింది.

"ఆ పిల్ల తట్టుకుంటుందని మీకు ముందే తెలుసు కదా మాస్టారూ?"

"తెలిస్తే గోడ వైపు ఎందుకు తిరుగుతాను?" అన్నారు దైవాదీనం మాస్టారు. "నాకూ కాళ్ళు వణికాయి. ఏం చేస్తామమ్మాయ్, ఈ ఆటలో పెద్దవాళ్ళకి కుర్చీ వెయ్యరు."