వండిన చేయి వేయని ఉప్పు

ఆ ఏడు ఆషాఢంలో, ఆఫీసులకు సెలవైన రెండో శనివారం నాడు, మధ్యాహ్నం భోజనాల వేళ, తెనాలిలో హైమవతికి అన్యాయం జరిగింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పొగిడారు. మొగుడు శ్రీపతి, చుట్టపుచూపుగా వచ్చిన తన అన్నావదినల ముందు, రెండోసారి పులుసు పోసుకుంటూ, "మా ఇంట్లో వంట ఒక పనే కాదన్నయ్యా! దానంతట అదే అయిపోతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే, "ఇంకేం, ఇకమీదట ప్రతి ఆదివారం మీ భోజనం ఇక్కడే" అని కూడా అనేశాడు. హైమవతి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

దానంతట అదే ఎలా అవుతుందో శ్రీపతికి తెలియదు, అత్తగారు సౌభాగ్యమ్మకు గుర్తులేదు, ఇంటర్ చదివే కూతురు ధరణికి పట్టదు. హైమవతి విజయవాడలో గుమాస్తా. పొద్దున్నే పాసెంజరు ఎక్కితే దీపాలవేళకు ఇల్లు చేరుతుంది. అందుకని వారం వంట ఆదివారం సాయంత్రానికే ఆమె తలలో అయిపోయి ఉంటుంది. సోమవారం తోటకూర, ఆకుకూర ఆగదు కాబట్టి. దొండకాయ శుక్రవారానికి, అది ఓర్చుకుంటుంది కాబట్టి. గురువారం ఆఫీసులో మీటింగు, రైలు తప్పిపోతుంది కాబట్టి, ఆ పూటకి ఎవరైనా వేడి చేసుకోగల పప్పుచారు. ఇక శ్రీపతికి పులుసు లేనిదే ముద్ద దిగదు. రైలు పెట్టుకుని పొద్దున్నే చింతపండు పిసుకుతూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? ఆదివారం నాడే వారానికి సరిపడా గుజ్జు చిక్కగా తీసి, పసుపూ ఉప్పూ వేసి దగ్గరపడేదాకా ఉడికించి, సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెడుతుంది. రోజూ ఒక గరిటెడు తీస్తే పులుసు. తినేవాడికి మటుకు అది మంత్రం.

ఇంత చాకిరీలోనూ ఆమె తనకోసం దాచుకున్నది ఒక్కటే, ఆదివారం పొద్దుటి పాఠం. ఊళ్ళో నాంచారమ్మగారని ఒకావిడ మేడమీద గదిలో ఉపనిషత్తులు చెబుతుంది. ఆ చాపమీద కూర్చున్నంతసేపూ హైమవతి ఎవరి పెళ్ళామూ కాదు, ఎవరి కోడలూ కాదు. ప్రతి ఆదివారం చుట్టాలకి వండిపెట్టాలంటే పోయేది ఆ చాపే.

మర్నాడు పాఠం అయ్యాక అందరూ లేచినా ఆమె లేవలేదు.

"అమ్మగారూ, ఒక్కమాట. ఇల్లు నడపడం ధర్మమా, చదువుకోవడం ధర్మమా? రెండూ ఇక నావల్ల కాదు. ఏదో ఒకటి వదలాలి. ఏది వదలమంటారు?"

ప్రశ్నకు జవాబు చెప్పడం నాంచారమ్మగారి అలవాటు కాదు. జవాబు చెబితే మెట్లు దిగేలోపే మర్చిపోతారని ఆవిడ నమ్మకం. జరిగినదంతా విని, చాప చుట్టి గోడకు ఆనించి, "వచ్చే ఆదివారం పాఠం లేదు. మీ ఇంట్లో భోంచేస్తాను" అంది. "మీ బావగారినీ రానీ. వద్దనకు. కానీ అమ్మాయ్, మా ఇంటి ఆచారం నీకు తెలుసుగా."

తెలుసు. శిష్యులందరికీ తెలుసు. నాంచారమ్మగారి ఇంట్లో వండిన చేయి ఉప్పు వేయదు. ఉప్మా అయినా సరే, అటుకులయినా సరే, తినబోయేవాళ్ళలో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్ళి వేయాల్సిందే. ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే "తిన్నాక చెబుతా" అంటుంది. తిన్నాక చెప్పదు.

ఇంటికొచ్చి హైమవతి ఈ సంగతి చెబితే సౌభాగ్యమ్మ బుగ్గలు నొక్కుకుంది. "వండినావిడ ఉప్పు వేయకపోవడం ఏమిటే? ఏ శాస్త్రంలో ఉంది?" శ్రీపతి మాత్రం కులాసాగా కాళ్ళు చాపుకుని, "పెద్దావిడ ముచ్చట తీరుద్దాం. ఉప్పు వేయడానికి ఉపనిషత్తులు చదవాలా?" అన్నాడు.

ఆదివారం వచ్చింది. హైమవతి గుత్తివంకాయ, దోసకాయ పప్పు, మునక్కాయ పులుసు పెట్టుకుంది. నాంచారమ్మగారు పొద్దున్నే వచ్చి వంటింటి గడప అవతల పీట వేయించుకుని కూర్చుంది. చేతిలో జపమాల లేదు, పుస్తకం లేదు. ఊరికే కూర్చుంది. ఊరికే కూర్చునే పెద్దమనిషంత ఇబ్బంది ఇంకొకటి ఉండదు.

మొదటి చిక్కు వంకాయతోనే వచ్చింది. కూరిన తర్వాత ఉప్పు చల్లితే కాయకి పట్టదు. కారంలోనే కలవాలి. అంటే తినేవాళ్ళు తినే వేళకి వస్తే చాలదు, కూరే వేళకి రావాలి. పక్కమీంచి ధరణిని లేపుకొచ్చారు. అది కళ్ళు నులుముకుంటూ, "ఎంత వెయ్యాలమ్మా?" అంది.

హైమవతి గాల్లోనే వేళ్ళతో చిటికెడు పట్టి చూసుకుంది. ఇన్నేళ్ళుగా చేత్తో వేయడమే గాని ఎంతో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "నా చేతికి తెలుసే, నోటికి తెలీదు. కొంచెం వేసి నాలిక్కి రాసుకుని చూడు" అంది.

ధరణి వేసింది, రాసుకుంది, మొహం వంకరపెట్టింది. "చప్పగా ఉంది. ఇంకా వేయనా? వంకాయ కూడా కొంత పీల్చుకుంటుంది కదూ?"

ఆ ఒక్క ప్రశ్నకి హైమవతి కూతురివైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అవునే. పీల్చుకుంటుంది. ఇంకాస్త వెయ్యి."

పప్పు వంతు సౌభాగ్యమ్మది. గొణుక్కుంటూనే వచ్చింది. మూత తీసి ఆవిరి మొహానికి తగిలించుకుని, గిన్నె ఒకసారి కుదిపి, ఎవరినీ ఏమీ అడక్కుండా గుప్పిట్లో ఉప్పు తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచింది. వేశాక చేతికేసి చూసుకుంది. చాలాకాలంగా ఆ చెయ్యి ఖాళీగా ఉందన్న సంగతి అప్పుడే తెలిసినట్టుంది. "మా అత్తగారు ఇలాగే వేసేది" అని, మళ్ళీ అంతలోనే పెద్దరికం గుర్తొచ్చి, "జరగండి జరగండి" అంటూ అవతలికి వెళ్ళింది.

అన్నావదినలు వచ్చి కూర్చున్నాక శ్రీపతిని పిలిచారు. హాల్లోంచి పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. పొయ్యిమీద పులుసు కళపెళలాడుతోంది. దాని పక్కనే, సగం ఖాళీ అయిన గుజ్జు సీసా.

"ఇదేనా? ఉప్పెక్కడ?" అన్నాడు.

హైమవతి డబ్బా చూపించింది. అతను గిన్నెను కొలిచినట్టు చూశాడు. పెద్ద గిన్నె, తినేవాళ్ళు ఎక్కువ, తక్కువైతే అన్న ముందు పరువు పోతుంది. స్పూనుతో నిండుగా తీసి వేశాడు. మళ్ళీ తీసి వేశాడు. హైమవతి పెదాలు కదిలాయి. గడప అవతల నాంచారమ్మగారు ఆమెనే చూస్తోంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. హైమవతి పెదాలు మూసుకుంది. ఇందులో కుట్రేమీ లేదు. అడిగితే చెప్పేదే. రుచి చూస్తానంటే గరిటె చేతికిచ్చేదే. అతను అడగలేదు, చూడలేదు. చేతులు దులుపుకుని, "అయిపోయింది. ఇంతేగా!" అంటూ వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాడు.

పప్పు తిన్నారు, బాగుందన్నారు. వంకాయ తిన్నారు, ఇంకొకటి వేయమన్నారు. పులుసు కలుపుకున్నారు. అన్న నీళ్ళ గ్లాసు ఖాళీ చేశాడు. వదిన ముద్దని విస్తరి అంచుకు నెట్టింది. నాంచారమ్మగారు మాత్రం మెతుకు వదలకుండా, కనుబొమ్మ కదలకుండా తింటోంది.

శ్రీపతికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అలవాటుగా కేకేశాడు. "హైమా! పులుసులో ఇంత ఉప్పేమిటి?"

"అమ్మనంటావేం నాన్నా?" అంది ధరణి. "అమ్మ ఇవాళ ఉప్పు డబ్బా ముట్టుకోలేదు. వేసింది నువ్వేగా."

"నేను గిన్నె చూసే వేశాను. సరిగ్గానే వేశాను!"

"గుజ్జులో ఉప్పుంది" అంది హైమవతి, పెరుగు గిన్నె కింద పెడుతూ.

"గుజ్జులోనా? ఎప్పుడు వేశావు?"

"ఆదివారం."

"ఏ ఆదివారం?"

"ప్రతి ఆదివారం. మీరు పేపరు చదువుకుంటున్నప్పుడు."

అన్నగారు గట్టిగా దగ్గాడు. శ్రీపతి చెవులు ఎర్రబడ్డాయి. "మరి నేను వేస్తుంటే చెప్పొద్దూ?"

"మీరు అడగలేదండీ. మీ అమ్మాయి అడిగింది. దాని వంకాయ తినండి, ఎంత బాగా కుదిరిందో."

ఒక్క క్షణం ఆ ఇంట్లో ఏమైనా జరగొచ్చు అనిపించింది. మగవాడు అన్న ముందు చిన్నబోతే విస్తరి ముందునుంచి లేచిపోవడం లోకంలో మామూలే. శ్రీపతి లేచాడు కూడా. కానీ వీధివైపు రెండడుగులు వేసి ఆగాడు. ఉప్పు వేసిన చేయి తనది. ఎవరిమీద అలగాలో తోచలేదు. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళాడు.

ఈలోగా సౌభాగ్యమ్మకు పూనకం వచ్చింది. "పారబోస్తారటే, ఇన్ని మునక్కాయలు! ఒరే శ్రీపతీ, ఆ సొరకాయ తరుగు. ధరణీ, బియ్యప్పిండి జారుగా కలుపు. ఏమయ్యా పెద్దబ్బాయీ, చూస్తూ కూర్చుంటే ఉప్పు తగ్గుతుందా? అటకమీద పెద్ద గిన్నె ఉంది, దింపు." అందరి చేతులూ ఎంగిళ్ళు కడుక్కుని వంటింట్లో పడ్డాయి. శ్రీపతి సొరకాయను తరిగిన తీరు చూస్తే ఆ కాయమీద జాలేస్తుంది. ఒక ముక్క అరచేయంత, ఒక ముక్క గోరంత. వదిన అతని చేతిలో కత్తి లాక్కోబోతే, "నేను చెడగొట్టింది నేనే బాగుచేస్తా" అని ఇవ్వలేదు. నీళ్ళు పోశారు, బెల్లం వేశారు, పిండి కలిపారు, మరిగించారు. ఈసారి శ్రీపతి గరిటెతో తీసుకుని ఊదుకుంటూ నాలుగుసార్లు రుచి చూసి, పెళ్ళాంవైపు తిరిగి, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడు సరిపోయింది."

పులుసు రెట్టింపైంది. "రేపటికీ ఎల్లుండికీ ఇదే సరిపోతుందిలే" అంది ధరణి. ఆ ఇంట్లో రేపటి వంట గురించి హైమవతి కానివాళ్ళు మాట్లాడటం అదే మొదలు.

మళ్ళీ వడ్డించారు, మళ్ళీ తిన్నారు. అన్నావదినలు బయల్దేరుతుంటే శ్రీపతి వాళ్ళను సాగనంపి వచ్చి, వంటింటి గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పెళ్ళాంకేసి చూడకుండా సీసాకేసి చూస్తూ, "వచ్చే ఆదివారం అన్నయ్యావాళ్ళు మళ్ళీ వస్తారు. పులుసు నేను పెడతాను. ఆ గుజ్జెలా తీయాలో, ఉప్పెంతో మాత్రం చెప్పి వెళ్ళు" అన్నాడు.

చెప్పి వెళ్ళు. హైమవతి ఆ రెండు మాటల్నీ మనసులో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తను ఆదివారం పొద్దున్న ఇంట్లో ఉండదన్నది అతను అడిగి తేల్చుకోలేదు, అనుమతి ఇచ్చినట్టు మొహమూ పెట్టలేదు. ఎండ కాస్తుంది అన్నట్టు అనేశాడు. పెద్ద మార్పేమీ కాదు. అయినా ఆమెకు ఒళ్ళు తేలికైంది.

నాంచారమ్మగారిని రిక్షా ఎక్కించడానికి వీధి చివరిదాకా వచ్చింది. ఒళ్ళు తేలికైతే ఏం, హైమవతి మొండిఘటం. అడిగిన ప్రశ్నకు జవాబు రాకుండా వదిలే రకం కాదు.

"అమ్మగారూ, ఏది వదలాలో మీరింకా చెప్పలేదు."

ఆవిడ రిక్షాలో సర్దుక్కూర్చుని, చెంగు భుజంమీదకు లాక్కుంది.

"ఈవారం ఉప్పు వదిలావు కదమ్మాయ్. పైవారం పప్పు వదిలి చూడు."