బావిలో పడిన తీర్పు

కోట దొర వీరభూపతి ఏ తగువైనా నాణెం ఎగరేసే తీర్చేవాడు. దాన్ని గాల్లోనే పట్టుకుని, గుప్పిట తెరిచి తానొక్కడే చూసుకుని, "బొరుసు. విధి మీకు లేదంటోంది, నేనేం చెయ్యను?" అనేవాడు. పదేళ్లలో ఒక్క పేదవాడికీ బొమ్మ పడలేదు.

బావులు తవ్వే తిరపమ్మ ఊరికోసం నెలన్నర తవ్వితే ఒక ఉదయం నీళ్లు పడ్డాయి. మధ్యాహ్నానికల్లా దొర గుర్రమెక్కి భటులతో వచ్చి వాలాడు.

"బొమ్మ పడితే బావి ఊరిది, బొరుసు పడితే నా మామిడితోటది" అంటూ నాణెం తీశాడు.

తిరపమ్మ అడ్డుపడింది. "బావి తగువు బావిలోనే తేలాలి దొరా. నాణెం అందులోకి వెయ్యండి. మీ విధి గుప్పిట్లో తప్ప బయట పలకదా ఏం?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. దొర పౌరుషానికి పోయి విసిరేశాడు. దిగి చూడమంటే, మట్టి ఇంకా జారుతున్న ఆ బావిని చూసి భటులు వెనక్కి తగ్గారు. తిరపమ్మే తాడు పట్టుకుని దిగింది.

"బొమ్మే పడింది దొరా" అని అడుగునుంచి కేకేసింది.

"పైకి తే, చూస్తాను."

"కదిపితే తీర్పు మారిపోదూ? మీరే దిగి చూడండి."

దొర తొంగిచూశాడు. కాలికింద పెళ్ల విరిగి నీళ్లలో బుడుంగుమంది. గబుక్కున వెనక్కి జరిగి, "నువ్వొక్కదానివే చూసింది నేనెలా నమ్మేది?" అని గద్దించాడు.

"పదేళ్లుగా మీరొక్కరే చూసింది మేం నమ్మలేదా? తొందరేం లేదు, నాణెం ఇక్కడే ఉంటుంది. మీకు తీరికైనప్పుడు దిగండి. అందాకా ఊరు నీళ్లు తోడుకుంటుంది."

దొరకు చచ్చేదాకా తీరిక చిక్కలేదు.