బొంతయ్య మింగిన రేగుపళ్ళు

అనగనగా ఒక అడవిలో, రాళ్ళూ రేగుపొదలూ తప్ప పెద్దగా ఏమీ లేని బోడిగుట్ట ఒకటి ఉండేదర్రా. ఆ గుట్ట కింద గుహలో ఒక ఎలుగుబంటి కుటుంబం కాపురం ఉండేది. తండ్రి పేరు బొంతయ్య. ఒళ్ళంతా బొంతలాగా జుట్టు కదా, అందుకని ఆ పేరు. తల్లి పేరు ఇప్పమ్మ. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. ఆడపిల్ల తునికి, మగపిల్లాడు జుంటి. ఇద్దరికీ ఇంకా మూడో నెల నిండలేదు. ఎలుగు పిల్లలు మీలాగా అమ్మ చంకెక్కవు. వీపెక్కి, జుట్టు గుప్పిట పట్టుకుని దర్జాగా ఊరేగుతాయి.

గుహ పక్కనే ఒక బొరియ. అందులో సూదమ్మ అనే ముళ్ళపంది. ఆవిడ మాట కూడా ముల్లే, తగిలిందంటే గుచ్చుకుంటుంది. మనసు మాత్రం వెన్న. ఇప్పమ్మ పుట్టలు తవ్వి చెదపురుగులు తినడానికి వెళ్ళినప్పుడల్లా పిల్లల్ని చూసుకునేది ఆవిడే.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. నిరుడు ఎండాకాలం గుట్ట కింది చెలమ ఎండిపోయింది. బొంతయ్యా ఇప్పమ్మా నాలుకలు పిడచగట్టుకుపోయి, నాలుగు రోజులు నీళ్ళ కోసం తిరిగారు. పెద్దవాళ్ళు కాబట్టి తట్టుకున్నారు. ఈ ఏడు పిల్లలున్నారే! చెలమ మళ్ళీ ఎండితే వాళ్ళేమైపోతారు? బొంతయ్యకి అదే బెంగ.

సరిగ్గా అప్పుడే ఒక రామచిలుక వచ్చి రేగుకొమ్మ మీద వాలింది.

"బొంతయ్యా, ఇంకా ఈ రాళ్ళ గుట్టనే పట్టుకుని వేళ్ళాడుతున్నావా? ఏటి అవతల తేనెకోన అని ఉంది. బండకి పది తేనెపట్లు! అడుగుకో పుట్ట! ఎండాకాలంలో కూడా పారే వాగు! ఏడాది పొడుగునా పళ్ళు!" అంది.

తేనె మాట వినగానే బొంతయ్య నోట్లో నీళ్ళూరాయి. "మరి దారి ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

"దారేమిటి నీ మొహం! రెక్క విప్పి ఒక్క ఊపు ఊపితే అక్కడుంటావు" అని చిలుక తుర్రుమంది.

బొంతయ్యకి రెక్కలు లేవన్న సంగతి చిలుకకీ తట్టలేదు, బొంతయ్యకీ తట్టలేదు. పరుగున గుహకి వెళ్ళి, "ఇప్పా! మనం తేనెకోన వెళ్ళిపోదాం!" అన్నాడు.

"అయ్యో రాత! దూరపు కొండలు నునుపయ్యా. పసిపిల్లల్తో ఎక్కడికని పోతాం?" అంది ఇప్పమ్మ.

"ఇక్కడ చెలమ ఎండితే ఆ పసిపిల్లలకి ఏం తాగిస్తావు?"

ఇలా ఎంతసేపు వాదించుకున్నా తెగలేదు. చివరికి ఇప్పమ్మే, "సరే, పళ్ళకుప్ప పెడదాం" అంది.

పళ్ళకుప్ప అంటే ఏమిటో చెబుతాను వినండి. ఎలుగుల్లో అదొక ఆచారం. ఏదైనా పెద్ద పని తేల్చుకోవాలంటే ఒక చదును బండ మీద రెండు కుప్పలు పెడతారు. పనికి అనుకూలంగా ఒక మాట చెబితే కుడివైపు ఒక రేగుపండు. వ్యతిరేకంగా ఒక మాట చెబితే ఎడమవైపు ఒక రేగుపండు. చివరికి ఏ కుప్పలో ఎక్కువ పళ్ళుంటే అదే తీర్పు. కుప్ప చెప్పాక ఇంకెవరూ ఎదురు చెప్పకూడదు.

సాయంత్రం బండ దగ్గర కూర్చున్నారు. బొంతయ్య గబగబా ఐదు పళ్ళు కుడివైపు పెట్టేశాడు. అక్కడ తేనె ఉంది. పుట్టలున్నాయి. వాగుంది. ఏడాదంతా పళ్ళున్నాయి. ఇక్కడేమో చెలమ ఎండుతుంది.

ఇప్పమ్మ బుట్టలోంచి అన్నిటికంటే పెద్ద పండు తీసి ఎడమవైపు పెట్టింది. "మధ్యలో పెద్ద ఏరుంది" అంది. ఇంకోటి పెట్టి, "పిల్లలింకా నా వీపు దిగలేదు" అంది. ఇంకోటి పెట్టి, "అక్కడ సూదమ్మ వదిన ఉండదు" అంది. అలా ఒక్కో మాటా చెబుతూ ఏడు పళ్ళు పెట్టింది.

మరి బొంతయ్య ఏం చేస్తున్నాడు? వింటున్నాడా? ఎక్కడ వింటాడు! కళ్ళ ముందు తేనెపట్లు ఊగుతున్నాయి. చెయ్యి దాని దారిన అది ఎడమ కుప్ప మీదికి పోయింది. ఒక పండు నోట్లో పడింది. గింజ ఉమ్మేశాడు. ఇంకోటి పడింది. ఇప్పమ్మ జుంటిగాడి కాల్లో ముల్లు తీస్తూ తల వంచుకుని ఉంది, చూడలేదు. కావాలని తిన్నాడా అంటే, కాదర్రా. ఒట్టు, వాడికి తెలియనే తెలియదు. కాకపోతే చిత్రం ఏమిటంటే, కుడివైపు కుప్ప జోలికి మాత్రం ఆ చెయ్యి ఒక్కసారైనా పోలేదు.

లెక్క చూస్తే కుడివైపు ఐదు, ఎడమవైపు మూడు.

"ఇదేమిటి? నేను చాలా చెప్పాననుకున్నానే!" అంది ఇప్పమ్మ.

"కుప్ప మాటంటే కుప్ప మాటే!" అన్నాడు బొంతయ్య, మూతి తుడుచుకుంటూ.

ఇక లేడికి లేచిందే పరుగు. తెల్లారేసరికి బయల్దేరదీశాడు. సూదమ్మ బొరియ ముందు నిలబడి, "ఒరే తమ్ముడూ, ఆ ఏటిని ఎప్పుడైనా కళ్ళతో చూశావా?" అని అడిగింది. "చూస్తాంగా అక్కా, వెళుతున్నాంగా!" అన్నాడు బొంతయ్య.

రెండు రోజులు నడిచారు. మూడో రోజు పొద్దున ఏరు కనబడింది. మాఘమాసం కదా, ఏరింకా తగ్గలేదు. రాళ్ళ మధ్యన సుడులు తిరుగుతూ, హోరుమంటూ పోతోంది.

ఇప్పమ్మ అక్కడే ఆగిపోయింది. "నాకు భయంగా ఉందయ్యా" అంది.

"నేను లేనూ? నా వెనకే రా" అంటూ బొంతయ్య నీళ్ళలోకి దిగాడు. ఇప్పమ్మ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని దిగింది. మోకాళ్ళ దాకా వచ్చాయి నీళ్ళు. పొట్ట దాకా వచ్చాయి. నడి ఏటికి వెళ్ళేసరికి వీపు మీదికి వచ్చేశాయి. తునికి అమ్మ మెడ పట్టుకుని వేళ్ళాడింది. జుంటిగాడి గుప్పిట జారిపోయింది.

"నాన్నా!" అని ఒక్క అరుపు. అంతే, పిల్లాడు నీళ్ళలో కొట్టుకుపోయాడు.

బొంతయ్య గిర్రున వెనక్కి తిరిగాడు. ఎగిరి దూకాడు. మునిగాడు, తేలాడు, బండకి తల కొట్టుకున్నాడు. ఎలాగైతేనేం, రెండు బండల మధ్య ఇరుక్కున్న జుంటిని మెడ పట్టి పైకి లాగాడు. అందరూ బయల్దేరిన ఒడ్డుకే వచ్చి పడ్డారు. జుంటి నీళ్ళు కక్కాడు, తుమ్మాడు, ఆ తరవాత భోరున ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే తల్లీ తండ్రీ ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పమ్మ పిల్లాణ్ణి నాకుతూ అంది. "నేను పెట్టిన మొదటి పండు ఈ ఏరేనయ్యా. అన్నిటికంటే పెద్దది ఏరి మరీ పెట్టాను. లెక్క చూసినప్పుడు అది కుప్పలో లేదు. ఏమైంది?"

బొంతయ్య నాలుక మీద ఆ తీపి గుర్తొచ్చింది. వాడికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తల దించుకుని, "నేనే తినేశానే ఇప్పా. తింటున్నానని కూడా తెలియలేదు" అన్నాడు.

"పండు తినగలిగావు. ఏటిని తినలేకపోయావుగా!" అంది ఇప్పమ్మ.



మళ్ళీ రెండు రోజులు నడిచి బోడిగుట్టకి చేరారు. సంగతి విన్న సూదమ్మ, "ఎన్ని తిన్నావురా?" అని అడిగింది. "ఒకటో రెండో అక్కా" అని నసిగాడు బొంతయ్య. సూదమ్మ బండ చుట్టూ వెతికి గింజలు ఏరింది. నాలుగు! "ఒకటో రెండోనట! కడుపా అది, ధాన్యం గాదా?" అని నాలుగు పళ్ళు తెచ్చి ఎడమ కుప్పలో పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా తూచండి. ఒరే తమ్ముడూ, నువ్వు చేతులు కింద పెట్టుకుని వాటి మీద కూర్చో."

బొంతయ్య బుద్ధిగా తన చేతుల మీద తనే కూర్చున్నాడు. పిల్లలు పకపకా నవ్వారు.

ఎడమవైపు ఏడు. కుడివైపు ఐదు. అప్పుడు ఇప్పమ్మ నెమ్మదిగా చెయ్యి చాచి, ఎడమ కుప్పలోంచి ఒక పండు తీసేసింది. "నేనూ ఒక తప్పు చేశాను వదినా. గుహ చల్లగా ఉంటుందని ఒకటి పెట్టాను. గుహ వెచ్చగా ఉంటుందని ఇంకోటి పెట్టాను. ఉన్నది ఒక్క గుహేగా" అంది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! మొగుడు తినడం, పెళ్ళాం పెంచడం. సరిపోయారు ఇద్దరికిద్దరూ" అని సూదమ్మ నవ్వింది. "సరే గానీ తమ్ముడూ, నీ ఐదు మాటల్లో నీ ముక్కుతో వాసన చూసి చెప్పినవి ఎన్నిరా?"

బొంతయ్య ఆలోచించాడు. "చెలమ ఎండడం ఒక్కటే అక్కా. మిగతావి చిలుక చెప్పినవి."

"అయితే ఆ నాలుగూ పక్కన పెట్టు. నువ్వొక్కడివే వెళ్ళి చూసిరా."

బొంతయ్య బలిసిన ఎలుగు, ఈత వచ్చినవాడు. ఒంటరిగా ఏరు దాటడం వాడికి లెక్క కాదు. వెళ్ళాడు. పదో రోజుకి తిరిగొచ్చాడు. వస్తూనే అడక్కుండా చేతుల మీద కూర్చుని, "ఏ పండు ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను, మీరు పెట్టండి" అన్నాడు.

"వాగుంది. దాని అడుగున రాళ్ళు తరతరాల నాచు పట్టి ఉన్నాయి. ఎండినట్టు లేదు. ఒకటి కుడివైపు. పుట్టలున్నాయి. అదీ కుడివైపే. తేనె ఉంది, అయితే బండకి పది పట్లు కాదు, వెతికితే రెండు. అయినా కుడివైపే. ఏడాదంతా పళ్ళన్నది ఒట్టి మాట, అది పారెయ్యండి. ఒక మంచి గుహ కూడా చూశాను. కాబట్టి ఎడమవైపు గుహ పండు తీసెయ్యొచ్చు." ఇప్పమ్మ వైపు తిరిగి అన్నాడు. "ఇప్పా, అక్కడ ఎవరుంటారో తెలియదని నువ్వొక పండు పెట్టావు చూడు, అది అలాగే ఉంచు. అక్కడ రేచుకుక్కల మంద తిరుగుతోంది. వాటి వాసన పట్టాను."

ఇష్టం లేని మాట తన నోటితో తనే చెప్పాడు, చూశారా! ఇప్పమ్మకి మొగుడి మీదున్న కోపం అప్పుడు కరిగిపోయింది.

లెక్క చూశారు. కుడివైపు నాలుగు. ఎడమవైపు ఐదు: ఏరు, వీపు దిగని పిల్లలు, సూదమ్మ, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలిసిన ఈ అడవి, రేచుకుక్కలు. ఒక్క పండు తేడాతో ఉండిపోవాలని తీర్పు. బొంతయ్య మొహం చిన్నబోయింది. అయినా చేతులు కదపలేదు.

అప్పుడు ఇప్పమ్మ ఎడమ కుప్పకేసి చాలాసేపు చూసింది. చూసి చూసి రెండు పళ్ళు తీసి బండకి ఒక వారన పెట్టింది.

"అవెందుకు తీశావే?" అన్నాడు బొంతయ్య.

"వైశాఖం వచ్చేసరికి ఏరు మోకాలి లోతుకి దిగుతుంది. అప్పటికి పిల్లలు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నడుస్తారు. చెలమ కూడా అప్పటిదాకా ఉంటుంది. ఈ రెండూ ఆగిపోవడానికి కారణాలు కావయ్యా. ఆగి వెళ్ళడానికి కారణాలు."

ఎడమవైపు మూడు మిగిలాయి. కుడివైపు నాలుగు. ఎవరూ మింగకుండా, ఎవరూ పెంచకుండా కుప్ప తీర్పు చెప్పింది.

"నువ్వూ వచ్చెయ్ వదినా" అని ఇప్పమ్మ బతిమాలింది. "నాకు కావలసినవి దుంపలు. దుంపలకి ఈ గుట్ట మీద కొదవేముంది? నేను రానమ్మా" అంది సూదమ్మ. తన కుప్ప ఆవిడా తూచుకుందన్నమాట.

వైశాఖంలో బయల్దేరారు. ఏటిలో నీళ్ళు గులకరాళ్ళ మీద గలగలమంటున్నాయి. తునికి, జుంటి నీళ్ళు చిమ్ముకుంటూ, పోట్లాడుకుంటూ తమంతట తామే దాటేశారు. తేనెకోనలో రెండు పట్లున్న బండ దగ్గర బొంతయ్య పిల్లలకి మొదటిసారి తేనె తినిపించాడు. పది లేవేమని ఎవరూ అడగలేదు. రేచుకుక్కల కూత వినబడితే గుహలోకి ఎలా పరిగెత్తాలో పిల్లలకి ముందే నేర్పారు. ఎండలు ముదిరినా వాగు మాత్రం పారుతూనే ఉంది.

ఒక సాయంత్రం పుట్ట తవ్వడానికి లేచిన ఇప్పమ్మ, పిల్లల్ని చూసుకోమని చెప్పడానికి అలవాటుగా పక్కకి తిరిగింది. పక్కన ఎవరూ లేరు. ఆవిడకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. బొంతయ్య వచ్చి దగ్గర కూర్చున్నాడు.

"సూదమ్మక్క గుర్తొచ్చిందా?"

"ఊఁ. ఇలా అవుతుందని తెలుసుగా. తెలిసే కుప్పలో పెట్టుకున్నాం" అంది ఇప్పమ్మ. కళ్ళు తుడుచుకుంది. "ఇవాళ పిల్లల్ని నువ్వు చూసుకో" అని పుట్ట వైపు నడిచింది. బొంతయ్య పిల్లలిద్దరినీ వాగులోకి తీసుకుపోయి, చీకటి పడేదాకా నీళ్ళాడించాడు.

నీతి: మనకి నచ్చని మాటని లెక్కలోంచి మింగేసినంత మాత్రాన అది దారిలోంచి తొలగిపోదు; మంచీ చెడూ రెండూ ఉన్నవి ఉన్నట్టు తూచి వేసిన అడుగులో కష్టం వచ్చినా, కంగారు రాదు.